ఆరుసార్లు యూరప్ పోయిన రామతులసమ్మ

స్విట్జర్లాండు కొండల మీద మంచు ఏటికేడు కరిగిపోతా ఉందని, ఎందుకు కరుగుతుందో తేల్చడానికి పెద్ద పెద్ద చదువులు చదివినోళ్ళు తలలు పట్టుకున్నారని పేపర్లో రాస్తా ఉంటారు. నన్నడిగుంటే ఎప్పుడో చెప్పేవాణ్ణి. మా మార్కాపురం రామతులసమ్మ అక్కడ ఎండుమిరపకాయల తాలింపు పెట్టబట్టి. మొదటిసారి పోయినప్పుడు ఆమె చారుకు తిరగమాత వేస్తే ఆ పొగకు గోడ మీది గంట మోగి, ఆ ఊరి ఫైరింజన్లు మూడూ వచ్చినాయి. ముందు దిగిన మనిషి తుమ్మిన తుమ్ముకు ఎదురుకొండ మీది మంచు పెళ్ళలు పెళ్ళలుగా జారిపడింది. రెండోవాడు పైపు ఎత్తుకొని మంట ఎక్కడా అని లోపలికొచ్చి, గ్లాసెడు చారు తాగి, పైపు మర్చిపోయి వెళ్ళినాడు. ఇందులో సగం నిజం. ఏ సగమో నాకూ సరిగ్గా గుర్తులేదు.

రామతులసమ్మ నాకు చుట్టం కాదు. పలకల ఫ్యాక్టరీల వెనక సందులో వాళ్ళిల్లు, మాయిల్లు ఎదురెదురు. మాది సేద్యం, వాళ్ళది వ్యాపారం. పుట్టినప్పటినుంచి పెద్దమ్మా అనే పిలుస్తా. మొగుడు రంగనాయకులికి బస్టాండు దగ్గర చిల్లర అంగడి ఉండేది. ఆయన పోయినాక అంగడి మరిది చేతికి పోయింది. ఈమె చేతికి గరిటె వచ్చింది. వాళ్ళ కులపోళ్ళ పెళ్ళిళ్ళకు, వ్రతాలకు వంట చేయడం మొదలుపెట్టి, పదేళ్ళకు గిద్దలూరు, కనిగిరి, దర్శి దాకా పేరు తెచ్చుకుంది. ఆమె పులిహోర మూడోరోజుకు కూడా చెడిపోదు. ఐదోరోజు వరకూ తిని చూసినవాణ్ణి నేను. ఇంకా బతికే ఉన్నా.

యూరప్ సంగతికి వస్తా. వీరభద్రయ్య అని మా ఊళ్ళో టూర్లు తిప్పే మనిషి. మొదట కాశీ, రామేశ్వరం బస్సులు తిప్పేవాడు. బట్టల అంగళ్ళవాళ్ళు, మందుల షాపులవాళ్ళు కాశీలు అయిపోగొట్టి, ఫోన్లలో మంచుబొమ్మలు చూసి "అక్కడికెప్పుడు తీసకపోతావు వీరభద్రయ్యా" అని పీకబట్టినాక యూరప్ పట్టుకున్నాడు. ఆరు రాత్రులు, ఏడు పగళ్ళు. పారిస్ రెండ్రోజులు, మిగతాదంతా స్విట్జర్లాండు. జిల్లాను ముక్కలు చేసి కందుకూరు ఒకపక్కకు, అద్దంకి ఒకపక్కకు పంచిపెట్టిన సంవత్సరమే మొదటి టూరు లేచింది.

అయితే మనవాళ్ళకు ఒకటుంది. ఎంత దూరమైనా పోతారు, వెనకాలే పప్పు రావాల. అదీ మనవాళ్ళ చెయ్యి తగిలిన పప్పు. ఇరవైమందిలో ఉల్లిపాయ ముట్టనివాళ్ళు నలుగురు, శనివారం ఒంటిపూట వాళ్ళు ముగ్గురు, షుగరు వాళ్ళు సగానికి సగం. అందుకని వీరభద్రయ్య ఈమె అరుగు మీదికొచ్చి "వదినా, ఫారిన్ చూపిస్తా, చేతిలో గరిటె ఒక్కటి తెచ్చుకో చాలు" అన్నాడు. వదినా అన్నాడు గాబట్టి జీతం సంగతి గట్టిగా అడగలేకపోయింది. మన పక్క చుట్టరికం పెట్టి పిలిచినారంటే పని కాస్త ఎక్కువే ఉంటుందని తెలుసుకోండి.

మొదటిసారి ఆమెకు అన్నీ దెబ్బలే. పెళ్ళిళ్ళలో వాడే సత్తుగిన్నెలు మోసకపోయింది. అక్కడి పొయ్యి గాజుపలక మాదిరి ఉంటుంది, మంట రాదు. దాని మీద సత్తుగిన్నె పెడితే గంటసేపైనా నీళ్ళు చల్లగానే ఉన్నాయంట. రెండోసారి నుంచి అయస్కాంతం కొంగున కట్టుకొని మార్కాపురం స్టీలు అంగళ్ళన్నీ తిరిగింది. అడుగుకు అయస్కాంతం అంటుకుంటేనే కొంటుంది. అంగడివాడు నవ్వితే "నువ్వు నవ్వు నాయనా, అక్కడ నీ గిన్నె నవ్వుతుంది" అనేది.

నెయ్యి డబ్బా పారిస్ విమానాశ్రయంలోనే పోయింది. పాలతో చేసిందేదీ బయటి దేశంనుంచి తేకూడదంట వాళ్ళకు. పచ్చి కరివేపాకు రెబ్బలు కూడా లాక్కొని చెత్తబుట్టలో వేసినారు. అప్పుడు నేర్చుకుంది. కరివేపాకు ఎండబెట్టి పొడికొట్టుకోవాల, వెన్న అక్కడే కొని నెయ్యి కాచుకోవాల. అట్ల ఒక్కో దెబ్బా తింటా, ఒక్కో చిట్కా మూటగట్టుకుంటా, నాలుగో టూరుకల్లా మా ఊళ్ళో యూరప్ అంటే రామతులసమ్మే అయింది. వీసా కాయితాలు వీరభద్రయ్య దగ్గర, కడుపులో మాటలు ఈమె దగ్గర. ప్రయాణం పది రోజులుందనంగా ఆడవాళ్ళు ఈమె అరుగు మీదికి చేరేవాళ్ళు.

మొన్నటి సెప్టెంబరు టూరుకు ముందు అట్లనే ఇద్దరొచ్చినారు. మందుల షాపు ఉమామహేశ్వర్లు తల్లి సీతారత్నం, పెళ్ళాం ఇందిరమ్మ. వాళ్ళను హైదరాబాదు విమానాశ్రయానికి తీసకపోయే బండి నాదే గాబట్టి, సామాన్లు ఎన్నో చూసుకుందామని నేనూ అక్కడే ఉన్నా. రామతులసమ్మ చింతపండు గింజలు తీస్తా ఉంది.

"అత్తా, సెప్టెంబరులో చలి ఉంటుందా?" ఇందిరమ్మ అడిగింది.

"కింద ఉండదు, పైన ఉంటుంది. ఒకటే లావు స్వెటరు కొనొద్దు, పల్చటివి మూడు తెచ్చుకో. ఎండొస్తే ఒకటి తీసేయొచ్చు. చీర కింద ఒంటికి అతుక్కునే ప్యాంటు వేసుకో, ఎవరికీ కనపడదు. మేనెల కంటే సెప్టెంబరే నయం, జనం తక్కువ."

"బూట్లు కొత్తవి కొనాలంటావా?"

"కొత్తవి కొని ఇప్పటినుంచే ఇంట్లో వేసుకొని తిరుగు. అక్కడ వీధులన్నీ రాళ్ళు పరిచి ఉంటాయి. పోయినసారి ఒకామె కొత్త బూట్లతో దిగి, మిగతా నాలుగు రోజులు బస్సులోనే కూర్చుంది."

సీతారత్నం పెద్దావిడ, ఆమె భయాలు ఆమెవి. "దొంగలుంటారంట కదా తులసీ?"

"పారిస్‌లో ఉంటారు. పాస్‌పోర్టుకు లంగా లోపల జేబు కుట్టించుకో వదినా. సంతకం పెట్టమని కాయితం పట్టుకొని ఎవరన్నా దగ్గరికొస్తే ఆగొద్దు, పోతానే ఉండు. నీళ్ళు కొనొద్దు. స్విట్జర్లాండులో కుళాయి నీళ్ళే తాగొచ్చు, సీసా ఒకటి దగ్గరుంచుకో. మరుగుదొడ్డికి చిల్లర నాణేలు చేతిలో పెట్టుకో. ఆదివారం అంగళ్ళు మూసేస్తారు, కావలసింది శనివారమే తెచ్చుకోవాల. బస్సులో కూర్చునేముందు గడియారం మూడున్నర గంటలు వెనక్కి తిప్పుకోండి, లేకపోతే మందులు తప్పు టైముకు మింగుతారు."

"మరి కొండమీద? మంచులో జారమూ?"

"మడమ ముందు పెట్టి నడవాల. మంచు మీద ఎండ పడితే కళ్ళు మండుతాయి, నల్లద్దాలు ఉండాల. పొద్దున్నే తీగమీద పోయే మొదటి పెట్టెలో పైకి పోవాల, మధ్యాహ్నానికి మబ్బు కమ్ముతుంది. బయల్దేరే ముందు ఫోనులో కొండమీది కెమెరా చూడండి, పైన ఎట్లుందో అప్పటికప్పుడు కనపడుతుంది. తెల్లగా ఏమీ కనపడకపోతే ఆరోజు పోవద్దు."

ఇంత వివరంగా చెప్తా ఉంటే నాకు నోరు ఊరుకోలేదు. "పెద్దమ్మా, ఇన్ని చెప్తావే, నువ్వు ఎన్నిసార్లు మడమ ముందు పెట్టినావు?"

చింతపండు తీసే చెయ్యి ఆగలా.  ఇందిరమ్మ నవ్వాలో వద్దో తెలీక సీతారత్నం వైపు చూసింది.

ఎందుకంటే రామతులసమ్మ ఐదుసార్లు ఆ కొండ కిందికి పోయింది గానీ ఒక్కసారీ పైకి పోలేదు. కొండ రోజు అందరూ ఏడింటికే పోతారు, మధ్యాహ్నానికి ఆకలితో దిగొస్తారు. వచ్చేసరికి వేడన్నం ఉండాల. అన్నం ఉండాలంటే ఆమె కింద ఉండాల. కొండ మీద మంచు ఎట్లుంటుందో, ఎట్ల నడవాలో, దిగొచ్చినవాళ్ళు తింటా తింటా చెప్పిన మాటలే ఆమె చిట్కాలు. వడ్డిస్తా విని, మళ్ళీ వచ్చేవాళ్ళకు చెప్పేది. ఐదుసార్లూ వంటింటి కిటికీలోంచి చూసింది. కిటికీలోంచి కొండ నడుము దాకానే కనపడుతుందంట, పైభాగానికి ఇంటి చూరు అడ్డం.

ఈ ఆరోసారి ఆఖరుసారి. వీరభద్రయ్య వచ్చే ఏడాదినుంచి అక్కడే మన వంటల హోటలొకటి మాట్లాడుకున్నాడు, డబ్బాల్లో భోజనం బస్సు దగ్గరికే వస్తుంది. వంటమనిషి అవసరం లేదు. ఆ మాట ఆమెకు నేరుగా చెప్పలేదు, ఊరంతా చెప్పినాడు. అందుకని మర్నాడు ఆమె కొంగు నడుముకు దోపి వీరభద్రయ్య ఇంటికే పోయింది. నేను బండి అడ్వాన్సు కోసం అక్కడే ఉన్నా.

"వీరభద్రయ్యా, ఈసారి నేను కొండెక్కుతా."

"దానికేంది వదినా, ఎక్కు! నేనొద్దన్నానా ఎప్పుడన్నా?"

"వద్దనలేదు. మరి వంట సంగతేంది అన్నావు. ఈసారి కొండ రోజు వంట పెట్టుకోను. పులిహోర పులుసు ఇక్కడే కాచి సీసాలకెత్తుకొస్తా. ముందురోజు సాయంత్రం అన్నం వండి కలిపి, పొట్లాలు కడతా. ఎవరి పొట్లం వాళ్ళ సంచీలో. దిగొచ్చేదాకా ఎవరూ నన్ను అడిగే పని లేదు."

వీరభద్రయ్య నా వైపు తిరిగి కన్ను గీటినాడు. "చూస్తివా మాలకొండయ్యా, మా వదిన ప్లాను. మంత్రిని చేయాల్సిన మనిషి." తర్వాత ఆమెతో "నీ టికెట్టు నా చేత్తో నీ చేతికిస్తా, సరేనా?" అన్నాడు.

"ఇస్తే సరే" అని వచ్చేసింది.

ఆ పులుసు కాచేరోజు మా సందంతా ఘుమఘుమలాడింది. మూడు సీసాలు, మూతల మీద మైనం, దాని మీద గుడ్డ, దాని మీద రెండు పొరల ప్లాస్టిక్కు. పచ్చడైనా పులుసైనా చేతిసంచీలో పెట్టొద్దు, తీసి పారేస్తారు; పెద్దపెట్టెలోనే పెట్టాల, బట్టల మధ్యలో. ఇది మీకూ పనికొస్తుంది. ఆమెకు కోడలి వరసయ్యే ఒకామె పాత కోటు ఇచ్చింది. చేతులు పొడుగు. రెండు వేళ్ళు లోపలికి మడిచి కుట్టుకుంది. నల్లద్దాలు మాత్రం నేనే కొనిచ్చినా, నెహ్రూ బజారులో. అవి పెట్టుకొని అరుగు మీద కూర్చుంటే పోస్టుమాను ఎవరో పెద్ద ఆఫీసరమ్మ అనుకొని నమస్కారం పెట్టి పోయినాడు.

సాగర్ మీదుగా నేనే వాళ్ళను విమానాశ్రయానికి చేర్చినా. వారం తర్వాత నేనే తెచ్చినా. తిరిగొచ్చేటప్పుడు ఏడుగంటల దారి. ముందు సీట్లో రామతులసమ్మ, వెనక సీట్లలో ఉమామహేశ్వర్లు కుటుంబం, వీరభద్రయ్య. జరిగిందంతా ముందునుంచి ఒక ముక్క, వెనకనుంచి పది ముక్కలుగా చెప్పుకొచ్చినారు. నేను కలిపి కుట్టినా.

పారిస్‌లో అంతా బాగానే జరిగింది. ఇనుపగోపురం పైకి ముందే టికెట్లు చేసుకున్నారు గాబట్టి పొడుగు క్యూ తప్పింది. అంత ఎత్తు గోపురం చూసి ఉమామహేశ్వర్లు "మన పక్క అయితే ఇంత ఇనుము ఎప్పుడో ఎత్తకపోయేవాళ్ళు" అన్నాడంట. స్విట్జర్లాండుకు రైల్లో వచ్చినారు. కొండ కింద ఊళ్ళో వంటిల్లున్న రెండంతస్తుల ఇంట్లో దిగినారు. ముందురోజు సాయంత్రం రామతులసమ్మ అనుకున్నట్టే అన్నం వండి, పులుసు కలిపి, ఇరవైరెండు పొట్లాలు కట్టింది. ఇరవైరెండోది తనది. పొట్లం మీద పెన్నుతో తన పేరు రాసుకుంది. మిగతావాళ్ళ పేర్లు రాయలేదు. తన పేరు మీద ఒకటి దాచుకునే పని ఆమె జీవితంలో మొదటిసారి చేసుంటుంది.

పొద్దున్నే ఫోనులో కెమెరా చూసినారు. పైన ఆకాశం తుడిచిపెట్టినట్టుంది. వీరభద్రయ్య మాట నిలబెట్టుకున్నాడు. టికెట్టు తెచ్చి ఆమె చేతిలో పెట్టినాడు. ఆమె దాన్ని లంగా జేబులో పాస్‌పోర్టు పక్కన దాచుకుంది. కోటు వేసుకుంది. బూట్లు కట్టుకుంటా ఉంది.

అప్పుడు సీతారత్నం ఫోను టింగుమంది.

మార్కాపురంనుంచి వాళ్ళ పంతులు. ఆయన దగ్గర పాతికిళ్ళ తద్దినాల లెక్క ఉంది. తిథి వచ్చిన రోజు పొద్దున్నే ఎవరి ఇంటికి వాళ్ళకు మెసేజు పెడతాడు. "ఈరోజు మీ వారి తిథి. మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలుపెట్టాలి, రెండున్నర లోపల ముగించాలి." టూరు హడావుడిలో ఇంట్లో ఎవరూ చూసుకోలేదు, తిరిగొచ్చినాక అనుకున్నారు.

సీతారత్నం కుర్చీలో కూలబడింది. "మీ నాయన తిథిరా. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి తప్పలేదు. దేశంకాని దేశంలో మంచు చూడ్డానికొచ్చి ఆయన్ను పస్తు పెడతానా నేను?"

ఉమామహేశ్వర్లు తల గోక్కున్నాడు. "ఇప్పుడు ఇక్కడేం చేస్తాం అమ్మా?"

"గారెలు, పరవాన్నం, నాలుగు కూరలు. కాకికి ముద్ద పెట్టి, నువ్వు దణ్ణం పెట్టుకొని తింటే చాలు. మంత్రాలు పంతులు ఫోనులో చెప్తాడు."

అందరూ ఒకేసారి రామతులసమ్మ వైపు చూసినారు. బూటు ఒకటి వేసుకొని ఉంది, ఒకటి చేతిలో ఉంది.

"పిన్నీ..." అన్నాడు ఉమామహేశ్వర్లు. అంతకుముందు రోజుదాకా ఆమెను వంటామె అనేవాడు.

"పప్పు నానాల కదా నాయనా" అన్నది ఆమె. "గారెలంటే రెండు గంటలన్నా నానాల."

"ఇప్పుడు ఏడే కదా. ఒంటిగంటకు ఇంకా ఆరుగంటలుంది" అన్నాడు వీరభద్రయ్య. "వదినా, ఇట్ల చేద్దాం. టికెట్టు నీ దగ్గరే ఉంచుకో. ఇయ్యాళ ఎప్పుడైనా చెల్లుతుంది. ఒంటిగంటకు పని ముగించుకొని, రెండింటికి బయల్దేరి పైకి పో. గేటుదాకా పదినిమిషాల నడక. నేను పొమ్మంటా ఉన్నా కదా!"

సీతారత్నం కళ్ళొత్తుకుంది. "నీ చెయ్యి అయితేనే ఆయనకు ముట్టుతుంది తులసీ. బతికున్నప్పుడు నీ గారెలంటే పడిచచ్చేవాడు."

పోయినాయన పేరెత్తి అడిగితే కాదనే మనిషెవరుంటారు మా పక్క? రామతులసమ్మ వేసుకున్న బూటు విప్పింది.

ఇక్కడొకటి గమనించాల. తద్దినం ఉమామహేశ్వర్లుది, ఉపవాసం ఉమామహేశ్వర్లుది. ఒంటిగంట దాకా ఇంట్లో కూర్చొని ఏం చేయాలని, ఆయన, తల్లి, పెళ్ళాం ముగ్గురూ మొదటి పెట్టెలో కొండెక్కినారు. "పైన దేవుడికి దగ్గర కదా, అక్కడే ఒక దణ్ణం పెట్టుకుంటాం" అన్నదంట సీతారత్నం. పులిహోర పొట్లాలు అందరూ తీసకపోయినారు. రామతులసమ్మ పేరు రాసింది కూడా ఎవరి సంచీలోనో పోయింది.

ఆమె పప్పు నానబోసి, అక్కడి అంగడికి పోయి గుమ్మడికాయ, బంగాళదుంప, బీన్సు తెచ్చింది. మినపపప్పు ఊరినుంచి తెచ్చుకుందే ఉంది. రుబ్బే యంత్రం చిన్నది, నాలుగు వాయిలు వేయాల్సొచ్చింది. గాజుపొయ్యి మీద నూనె మండకుండా, పొగ రాకుండా, గోడమీది గంట మోగకుండా కిటికీలన్నీ తెరిచి గారెలు తీసింది. ఒంటిగంటకు పది నిమిషాలుందనంగా అంతా అరిటాకు మీద... అరిటాకు ఎక్కడిది, వెండిరంగు కాయితం మీద వడ్డించి పెట్టింది.

వాళ్ళు దిగొచ్చినారు. ముక్కులు ఎర్రగా, ఫోన్ల నిండా మంచు. ఉమామహేశ్వర్లు కాళ్ళు కడుక్కొని కూర్చొని, ఒంటిగంటా ఇరవైకి పంతులుకు వీడియో ఫోను చేసినాడు.

"ఇప్పుడా?" అన్నాడు పంతులు. "తిథి సంగతి అడుగుదామని నేను ఒంటిగంటకే మూడుసార్లు చేసినా, నువ్వు కట్ చేసినావు!"

"ఒంటిగంటకా? ఇప్పుడే కదా ఒంటిగంట దాటింది... ఎప్పుడు చేసినారు స్వామీ?"

"మీకు తొమ్మిదిన్నర అప్పుడు."

తొమ్మిదిన్నరకు ఉమామహేశ్వర్లు కొండమీద మంచులో నిలబడి వీడియో తీసుకుంటా ఉన్నాడు. ఫోను వస్తే కట్ చేసింది నిజమే.

"మన ఊరి టైము చెప్పినానయ్యా నేను. ఇక్కడిప్పుడు ఐదు కావస్తా ఉంది. తిథి రెండున్నరకే అయిపోయింది, మీ లెక్కన పదకొండుకే. అయినా ప్రయాణంలో ఉన్నవాళ్ళు ఈ వంటలన్నీ ఎందుకు పెట్టుకున్నారు? పొద్దున ఒక్కమాట అడిగుంటే చెప్పేవాణ్ణి. ఊరికొచ్చినాక ఒక మనిషికి సరిపడా బియ్యం, పప్పు, కూరగాయలు స్వయంపాకం ఇచ్చుంటే సరిపోయేది."

ఫోను పెట్టేసినారు. తర్వాత సీతారత్నం ఏడుపు మొదలుపెట్టింది. ఏడుస్తా ఏడుస్తా వంటింటి వైపు తిరిగింది.

"ఆరుసార్లు వచ్చినదానివి. మూడున్నర గంటలు తేడా అని మా అందరికీ చెప్పింది నువ్వే. మెసేజు నీ ముందే చదివినా కదా తులసీ, నీకన్నా తట్టొద్దా?"

రామతులసమ్మ గరిటె గిన్నె అంచుకు కొట్టి దించింది. "నన్ను గారెలు అడిగినారు వదినా. తిథి అడగలేదు."

"చూసినావా, ఎట్ల మాట్లాడుతుందో!" అన్నది ఇందిరమ్మ. అరుగు మీద అత్తా అత్తా అని చిట్కాలు ఏరుకున్న పిల్లే.

వీరభద్రయ్య మధ్యలో దూరినాడు. తప్పెవరిదైనా ఆకలి అందరిది కదా అన్నాడు. మిగతా పదిహేడుమంది పొట్లాలు పైనే తినేసి దిగినా, గారెల వాసనకు మళ్ళీ ఆకలైనవాళ్ళు. తద్దినం కాని తద్దినం భోజనానికి ఇరవైమంది కూర్చున్నారు. ఆమె వడ్డించింది. గారెలు వేడివి అడిగినారు, మళ్ళీ నూనె పెట్టింది. రెండైంది, రెండున్నరైంది. పైన మబ్బు లేదు, ఆరోజు అసలు కమ్మనే లేదు. రెండుసార్లు లంగా జేబు తడిమి చూసుకుంది. వీరభద్రయ్య పళ్ళెం ఎత్తి "వదినా, ఆ గిన్నెలు తోమేసి పోవూ, ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు సాయంత్రం చూడ్డానికొస్తారు" అని చెప్పి కునుకు తీయడానికి పోయినాడు. మర్నాడు పొద్దున్నే తిరుగు విమానం.

ఇక్కణ్ణుంచి నేను చెప్పేది జాగ్రత్తగా వినండి.

రామతులసమ్మ తొట్టి నిండా ఉన్న గిన్నెల వైపు చూసింది. యాభైఎనిమిదేళ్ళలో మొదటిసారి, ఎంగిలిగిన్నెలు ఎక్కడివక్కడ వదిలేసింది. పొడుగుచేతుల కోటు తొడిగింది. నేనిచ్చిన నల్లద్దాలు పెట్టుకుంది. రెండు గారెలు కాయితంలో చుట్టుకొని, తలుపు దగ్గరికేసి, పది నిమిషాల దారి ఐదు నిమిషాల్లో నడిచింది. గేటు దగ్గర తెల్లోడు టికెట్టు చూసి లేచి నిలబడినాడు. పెట్టెలో ఆమె ఒక్కతే. చెట్లు పోయినాయి, రాళ్ళు పోయినాయి, తర్వాత తెలుపు తప్ప ఏమీ లేదు. దిగి మడమ ముందు పెట్టి నడిచింది, ఒక్కసారీ జారలేదు. ఐదు టూర్లనుంచి ఊరందరికీ చెప్పిన మాట తనకూ పనికొచ్చింది. కొండకొసన నిలబడి, పోయిన పెద్దమనిషి పేరెత్తి ఒక గారె గాల్లోకి విసిరితే, పసుపుముక్కు నల్లకాకి ఒకటి ఎక్కణ్ణుంచో వచ్చి కిందపడకుండా పట్టుకపోయింది. ఆ కాకికి మార్కాపురం టైము తెలీదు. రెండో గారె ఆమె తిన్నది, మంచు మీద కాళ్ళు చాపుకొని. ఎవరికీ వడ్డించకుండా తిన్న మొదటి గారె. ఆరింటికి దిగొచ్చేసరికి గుమ్మంలో వీరభద్రయ్య, "టీ ఏది వదినా?" అన్నాడు. ఈమె అద్దాలు తీయకుండానే "నువ్వే పెట్టుకో నాయనా, పాలు ఫ్రిజ్జులో ఉన్నాయి" అని మెట్లెక్కి పోయింది.

ఇదంతా రాసి, ఎవరికీ చూపించకముందు ఆమెకే చదివి వినిపించినా. తప్పులుంటే చెప్పు పెద్దమ్మా, దిద్దుతా అన్నా. అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తా చివరిదాకా విన్నది. నవ్వుతుందేమోనని చూసినా. చేతిలోది పూర్తిచేసి, ఇట్ల అన్నది:

"నేను కొండ ఎక్కలేదు మాలకొండయ్యా. గిన్నెలు తోమేసరికి నాలుగుంపావైంది, పైకిపోయే ఆఖరు పెట్టె నాలుగుకేనంట. గేటుదాకా పోయి తిరిగొచ్చి, టికెట్టు వీరభద్రయ్యకిచ్చి, టీ పెట్టినా."